మూత బిగించిన డబ్బా

“ముందు స్నానం. తర్వాతే పొయ్యి.”

ఎనిమిదేళ్లుగా సాయంత్రం గడపలో అడుగు పెట్టగానే అత్తగారు అనే మొదటి మాట అదే. కోడలు ఆసుపత్రి ల్యాబులో పిల్లల మలం పరీక్ష చేస్తుంది మరి. గ్లవుజులు వేసుకుంటుంది, రోజుకు పాతికసార్లు సబ్బుతో చేతులు తోముకుంటుంది. అయినా అంటు ఆమెకే. బస్సు కడ్డీలు పట్టుకుని వేలాడి వచ్చిన మొగుడు మాత్రం వచ్చీ రాగానే గిన్నెలో చెయ్యి పెట్టి కూర ముక్క నోట్లో వేసుకుంటాడు. “పాపం, ఆకలి మీదున్నాడు” అంటుంది ఆవిడ. చుట్టాల దగ్గర ఆయన “మా ఆవిడది కంప్యూటర్ పని” అని చెప్పుకుంటాడు. ఆ అబద్ధాన్ని నిజం చేద్దామనే, వాళ్లనీ వీళ్లనీ పట్టుకుని, కంప్యూటర్లో చీటీలు కొట్టే కౌంటర్‌కు బదిలీ కాగితం సిద్ధం చేయించాడు. “సంతకం పెట్టు చాలు, నలుగురిలో తలెత్తుకుని తిరుగుతాం.” ఈరోజే ఆఖరు. నిజం చెప్పొద్దూ, ఆమెకూ ఆశ పుట్టింది. ఎన్నాళ్లని తడి జుట్టుతో వంట చేస్తుంది?

కాగితం ముందు పెట్టుకుని కలం తీసేసరికి, ల్యాబు గుమ్మంలో ఇటుకలు మోసే ఆవిడ నిలబడి ఉంది. చంకలో నాలుగేళ్ల కూతురు, చూస్తే రెండేళ్లదనుకుంటారు. రెండుసార్లు టానిక్కు తాగించినా ఆ పిల్ల హిమోగ్లోబిన్ ఆరు దాటలేదు. మలం కూడా చూద్దామని డాక్టర్ని అడిగి, నిన్న వాళ్లకు డబ్బా ఇచ్చి పంపింది ఈమే. ఆ డబ్బాను కొత్త రుమాల్లో నాలుగు మడతలు చుట్టి తెచ్చింది తల్లి.

“బస్సులో సిగ్గేసిందమ్మా. ఇది మట్టి తింటోంది, కొట్టినా మానడం లేదు. నా పెంపకమే అలాంటిదంటోంది మా అత్త.”

“కొట్టకు. ఒంట్లో రక్తం లేని పిల్లలు మట్టి తింటారు. పెంపకానికీ దానికీ సంబంధం లేదు. సిగ్గెందుకు? ఈ డబ్బాలోది చూస్తేనేగా పిల్ల బాధేమిటో నాకు తెలిసేది!”

ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. పల్చటి పెంకుతో కోలగా గుడ్లు, ఒకటి కాదు, పది. కొంకిపురుగు. వట్టి కాళ్లతో నడిచే పిల్లల పాదాల్లోంచి దూరి, పేగుల్లో కూర్చుని, టానిక్కు పోసిన రక్తాన్ని పోసినట్టే పీల్చేస్తోంది. “దొరికావే దొంగా!” అంది పైకే. ఆ క్షణంలో ఆమెకు కలిగిన ఆనందం ఇన్నేళ్లలో ఏ పొగడ్తకూ కలగలేదు. రిపోర్టు రాసి, కింద సంతకం చేసి, తనే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లింది. కడుపులో పురుగులు పోయే మాత్ర రాయించి, పిల్లకు చెప్పులు కొనమని తల్లికి రెండుసార్లు చెప్పింది. తిరిగొచ్చేసరికి కౌంటర్ గడువు దాటిపోయింది. బదిలీ కాగితం నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది.

ఇంటికొచ్చి, కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, తిన్నగా పొయ్యి దగ్గరికి నడిచింది. అత్తగారు నోరు తెరిచేలోపే మొగుడు వచ్చాడు.

“సంతకం పెట్టావా?”

“పెట్టాను. ఒక పిల్ల రిపోర్టు మీద. కౌంటర్ పని నాకొద్దు.”

ఆయన బిత్తరపోయి, అలవాటుగా గిన్నె వైపు చెయ్యి చాచాడు. ఆమె మూత పెట్టేసింది.

“ముందు చేతులు కడుక్కుని రండి.”