ఉల్లిపాయల వేళ

దస్తగిరమ్మ ఎప్పుడూ ఉల్లిపాయలు కోసే వేళకే క్యాసెట్టు పెట్టుకునేది. ఏడెనిమిది పెద్ద పాయలు బండ మీద దొర్లించి, మూడో పాయ సగంలో ఉండగా టేపురికార్డరు ఎర్ర మీట నొక్కేది. అప్పటికి కండ్లూ ముక్కూ తమంతట తామే సిద్ధమవుతాయి.

"సల్మా, మీ అమ్మను మాట్లాడతాండా. ఎట్ల బతుకుతాండానో ఆ అల్లాకే తెలియాల. ఈ ఎండలకు నెత్తి పగిలిపోతాంది పాపా. తినేకి ఎండు రొట్టె, అంతే..."

అది జనవరి నెల. కిటికీ అవతల సౌదీలోని ఖతీఫ్ ఖర్జూరపు తోటల మీద పొగమంచు ఇంకా లేవలేదు. ఆమె ఒంటి మీద యజమానురాలి ఉన్ని స్వెట్టరు ఉంది. పొయ్యి మీద కుంకుమపువ్వు వేసిన టీ మరుగుతోంది. పక్క గిన్నెలో హమూరు చేప ముక్కలు మసాలా పట్టించుకుని, మధ్యాహ్నం ఎండు రొట్టె పాత్ర పోషించడానికి ఎదురు చూస్తున్నాయి.

అబద్ధాలంటే ఆమెకు మోజేం లేదు. గల్ఫుకు పోయిన ఆడమనిషి సుఖంగా ఉన్నానని ఊరికి కబురు పెట్టకూడదు, అంతే. పెడితే దిష్టి తగులుతుంది. దిష్టి కంటే ముందు అనుమానం తగులుతుంది. అందులోనూ మొగుడు పోయిన మనిషి. ఈ పాఠం వచ్చిన మొదటి నెలలోనే పక్కింట్లో పనిచేసే హైదరాబాదు మేరాజ్ బేగం చెప్పింది. ఉల్లిపాయల కిటుకు మాత్రం దస్తగిరమ్మ సొంతం. పదకొండేళ్లుగా నెలకొక క్యాసెట్టు రాయచోటికి పోతోంది. ఈసారి మాత్రం రెండు నెలలుగా కూతురి నుంచి జవాబు క్యాసెట్టు రాలేదు. అల్లుడికి ఉద్యోగం దొరికిందని విన్నది కాబట్టి, ఆ సందడిలో ఉన్నారేమోలే అనుకుంది.

మనిషి పొట్టి, యాభై దాటింది. దూదేకుల ఇంట పుట్టి, దూదేకుల ఇంటికే కోడలై, చిన్నప్పటి నుంచి పత్తి ధూళి పీల్చినందువల్ల మాటకు ముందు ఒక చిన్న దగ్గు వస్తుంది. కుడి కాలు కాస్త ఈడుస్తుంది. ఇక్కడ ఎవరినైనా పెద్ద బిడ్డ పేరుతో పిలుస్తారు. యజమాని జాఫర్ తండ్రి కాబట్టి అబూ జాఫర్, ఆయన భార్య ఉమ్ జాఫర్. అలాగే దస్తగిరమ్మ ఉమ్ సల్మా అయింది. రాయచోటిలో ఆమెను "దూదేకులోని పెండ్లాం" అనేవారు, ఆ తర్వాత "పోయినోని పెండ్లాం" అన్నారు.

కువైట్ యుద్ధమప్పుడు పోతానంటే యజమానులు పంపేవాళ్లే. చుట్టుపక్కల సగం మంది పోయారు. దహ్రాన్ వైపు ఆకాశంలో క్షిపణులు పేలినప్పుడల్లా ఇంటిల్లిపాదీ కిటికీలకు టేపు అంటించిన ఒకే గదిలో కూర్చునేవారు. గ్యాసు ముసుగు తగిలించుకున్న ఆమెను చూసి పిల్లలు ఏనుగు వచ్చిందని నవ్వితే, ఆమె తొండం ఊపింది. ఆ నెల క్యాసెట్టులో మాత్రం, తనను బయట నిలబెట్టి తలుపేసుకున్నారని చెప్పింది. దానికి రెండు పాయలు ఎక్కువ పట్టాయి.

గురువారం సంత రోజు. ఉమ్ జాఫర్ కారు వెనక సీట్లో, దస్తగిరమ్మ ఆమె పక్కన. సంతలో మాత్రం దస్తగిరమ్మే ముందు నడుస్తుంది. చేప మొప్ప ఎత్తి చూసి, "ఇది నాకంటే పెద్దది, దీనికి సలాం చెయ్యాలి గానీ కొనకూడదు" అని అరబ్బీలో అంటే, చేపలవాడు దెబ్బతిన్నట్టు గుండె పట్టుకుని కింది గంపలోంచి తాజాది తీస్తాడు. ప్రతి వారం ఇదే మాట, ఇదే గుండెపోటు. బుట్టలల్లేవాడు స్టూలు వేస్తాడు. టమాటాలవాడు ఆమె కూతురి క్షేమం అడుగుతాడు. పదకొండేళ్లుగా అడుగుతున్నాడు కాబట్టి, సల్మా పెండ్లి, రెండు కాన్పులు, అత్తగారి మోకాళ్లు అతనికి కంఠతా వచ్చు.

సంత చివర చాప మీద కూర్చునే ముసలామె సబ్జా ఆకు కట్టలు అమ్ముతుంది. ఇక్కడి ఆడవాళ్లు పండగకూ పెండ్లికీ దాన్ని జడలో పెట్టుకుంటారు. మొదటి ఏడు ఆమె ఒక రెమ్మ తుంచి దస్తగిరమ్మ తల వైపు చెయ్యి చాపితే, దస్తగిరమ్మ అదిరిపడి వెనక్కి జరిగింది. మా ఊళ్లో దీన్ని గోరీల మీద పెడతారని, మొగుడు పోయిన ఆడవాళ్ల తలలో ఆకు కూడా పెట్టరని చెప్పింది. ముసలామెకు ఇద్దరు మొగుళ్లు పోయారు. ఆమె తన జడ ముందుకు లాగి, గుప్పుమంటున్న ఆకుల్ని చూపించి, "నేను గోరీనా?" అని అడిగింది.

ఆనాటి నుంచి ప్రతి గురువారం ఒక రెమ్మ ఆమె కొప్పులోకి పోతోంది. ముసుగు కింద ఎవరికీ కనబడదు. కనబడకపోయినా వాసన వస్తుంది. కారు ఇల్లు చేరేదాకా ఆమెకు తన తల తనదేనని తెలుస్తూ ఉంటుంది.

ఆ జనవరి చివరి గురువారం షాబాన్ నెల నడిమి పండగ కూడా. పొద్దుగూకగానే పిల్లలు మెడలో గుడ్డ సంచులు వేలాడదీసుకుని, పాడుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. పల్లీలు, బాదం, చాక్లెట్లు కలిపిన గంప ముందేసుకుని దస్తగిరమ్మ గడప మీద కూర్చుంది. ఒకసారి తీసుకున్నవాడు టోపీ తిప్పి పెట్టుకుని మళ్లీ వస్తే, ఆమె గుర్తుపట్టి, వాడి తెలివికి మరో గుప్పెడు వేసింది. మేరాజ్ బేగం తన యజమాని పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి, గంప పక్కన చతికిలబడింది.

అంతలో లోపల నుంచి అబూ జాఫర్ పిలిచాడు.

హాల్లో అందరూ కూర్చుని ఉన్నారు. అబూ జాఫర్ బడిలో అరబ్బీ చెప్పే పంతులు, మెత్తని మనిషి. ఆయన ముందు రెండు పేజీల ఉత్తరం, దస్తగిరమ్మ పాస్‌పోర్టు, టేపురికార్డరు. ఉమ్ జాఫర్ ముక్కు ఎర్రగా ఉంది. ఆయన మీట నొక్కాడు.

ఎవరో ముసలిది ఏడుస్తోంది. దస్తగిరమ్మ మొదట పోల్చుకోలేదు. పాపం, ఏ చావు ఇంట్లోదో అనుకుంది. చిన్న దగ్గు దగ్గి, ఆ ముసలిది "సల్మా" అంది.

ఆ గొంతు తనదేనని దస్తగిరమ్మకు అప్పుడు తెలిసింది. గోడ పట్టుకుంది.

తనకొచ్చిన క్యాసెట్టును సల్మాయే వాళ్లకు పంపింది. ఉత్తరం మాత్రం రాయచోటి మదరసా హజ్రత్ చేత అరబ్బీలో రాయించింది. మేము మా కాళ్ల మీద నిలబడ్డాం, మా అమ్మ ప్రతి నెలా ఎలా ఏడుస్తుందో మీ చెవులతో వినండి, అల్లా పేరున ఆమెను మాకిచ్చేయండి అని. తెలుగు ఆ హాల్లో ఎవరికీ రాదు. ఏడుపుకు భాష అక్కరలేకపోయింది.

"పదకొండేళ్లు పగలంతా నవ్వావు," అంది ఉమ్ జాఫర్. "నాతో పెండ్లిళ్లకు వచ్చావు, చప్పట్లు కొట్టావు. ఇదంతా ఎక్కడ దాచుకున్నావు? నేను నీకేమీ కాదా?"

దస్తగిరమ్మ నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. దాని వెనక నిజం వచ్చింది.

"బసల్," అంది. ఉల్లిపాయలు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చేత్తో కోసినట్టు చూపించి, కళ్లు తుడుచుకుని, ఒట్టేసి మళ్లీ చెప్పింది. "వల్లాహి, బసల్." ఉమ్ జాఫర్ ఆ మాటకు ఇంకా ఏడ్చింది. ఇప్పుడు కూడా మా మనసు నొప్పించకూడదని ఎంత కష్టపడుతోందో చూడండి అని పిల్లలకు చెప్పింది.

అబూ జాఫర్ పాస్‌పోర్టు తెరిచాడు. పండగ రోజున మంచిపని చేయాలని పది రోజులుగా గుట్టుగా తిరిగి ఆఫీసు పనులన్నీ తానే చేయించాడట. విమానం రేపు పొద్దున్నే. ముద్ర వేసిన పేజీ మీద వేలు పెట్టి చూపించాడు.

"తిరిగి ఎప్పుడు రావాల?" అని ఆమె అడిగింది. ఏ భాషలో అడిగిందో ఆమెకే తెలియదు. ఆయనకు అర్థమైంది.

"ఖురూజ్ నిహాయీ. ఇక రావలసిన పనే లేదు, ఉమ్ సల్మా," అన్నాడు ఆయన. ఇంత మంచి మాట చెప్పే భాగ్యం తనకు దక్కినందుకు ఆయన అల్లాకు కృతజ్ఞత చెప్పుకున్నాడు.

పోను అనే మాట ఆమె నాలుక మీదకు వచ్చి కూర్చుంది. కన్నకూతురు పిలిస్తే పోనన్న తల్లిని ఆ హాల్లో ఎవరూ చూసి ఎరగరు. ఆమె కూడా ఎరగదు. ఆ మాట అక్కడే కాసేపు కూర్చుని, లోపలికి పోయింది.

గడప దగ్గరికి తిరిగి వచ్చేసరికి పిల్లలు గుంపుగా ఉన్నారు. ఆమె కూర్చుని సంచుల్లో గుప్పిళ్లు వేసింది. ఒకడికి మూడుసార్లు వేసింది. వాడు భయపడి వెళ్లిపోయాడు. సంగతి విని మేరాజ్ బేగం గంపలోంచి ఒక పల్లీ తీసి, ఒలిచి, తినకుండా మళ్లీ అక్కడే పెట్టింది. ఆమె యజమాని ఆమెను ఏడేళ్లుగా సెలవుకు కూడా పంపలేదు.

"నేను నిజంగ ఏడుస్తున్నా దస్తగిరీ," అంది చివరికి. "నా ఏడుపు ఎవలకి ఇనబడలే. నువ్వు ఉత్తగ ఏడిస్తె టికెట్ ఇచ్చి మరీ పంపుతున్రు."

"నా టికెట్టు నువ్వు తీసుకో," అంది దస్తగిరమ్మ. ఇద్దరూ నవ్వబోయి, నవ్వలేదు.

శుక్రవారం తెల్లవారుతుండగా కారు దహ్రాన్ విమానాశ్రయం వైపు పోయింది. ఉమ్ జాఫర్ తన పెండ్లినాటి సూట్‌కేసు నిండా బట్టలు సర్ది, దానిమీద తనే కూర్చుని మూత వేయించింది. దస్తగిరమ్మ ఏడవలేదు. ఇన్నాళ్లకు ఎంత తేలికపడిందో చూశావా అని భార్యాభర్తలు వెనక్కి వస్తూ అనుకున్నారు.

ఇంటికి చేరాక ఉమ్ జాఫర్ టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లింది. టీ పొడి ఎక్కడుంటుందో ఆమెకు తెలియదు. శుక్రవారం ఫలహారానికి ముందురోజు సాయంత్రమే రెండు గుప్పిళ్ల శనగలు నానబెట్టడం దస్తగిరమ్మ అలవాటు. నిన్న మాత్రం ఇక మీదటి శుక్రవారాలన్నిటికీ కలిపి బస్తా మొత్తం బోర్లించినట్టుంది. పొయ్యి పక్కన పెండ్లిళ్లకు వాడే పెద్ద గంగాళం ఉంది. శనగలు నీళ్లన్నీ తాగేసి, ఉబ్బి, మీద మూసిన పళ్లేన్ని ఒక పక్కకు మెల్లగా ఎత్తుతున్నాయి.