పచ్చబాబు ముక్కు

ముందే ఒప్పేసుకుంటున్నా. మా టీమ్ లీడ్ ముక్కు పగలగొట్టింది తలుపు కాదు, నేను. స్టీలు వాటర్ బాటిల్‌తో. నిండుగా ఉన్నదే.

మా పని చెప్తే ఎవరికైనా ఆవలింతలొస్తాయి. ఊళ్ళోవాళ్ళ డేటా అంతా క్లౌడ్‌లో ఉంటుంది. చట్టం పెట్టిన రూల్సు ఎక్కడైనా తప్పాయా అని మేం గోడమీది పెద్ద స్క్రీన్‌లో కాపలా కాస్తాం. తప్పితే స్క్రీన్ మీద దాని గడి ఎర్రబడుతుంది. అప్పుడు బాగుచెయ్యాలి. లేదంటే 'మినహాయింపు' అని ఓ టిక్కు కొడితే సరి. రోగం రోగంలాగే ఉంటుంది, గడి మాత్రం పచ్చగా నవ్వుతుంది. ఆ టిక్కులో మా లీడ్ ఆరితేరిపోయాడు. అందుకే వెనకాల పచ్చబాబు అంటాం.

ఆ పొద్దున క్లయింట్లు వస్తున్నారు. మొగుళ్ళు చంపబోతే పారిపోయొచ్చిన ఆడవాళ్ళని రహస్యంగా దాచిపెట్టే సంస్థ వాళ్ళది. ఆ ఇళ్ళ అడ్రసులున్న ఫోల్డర్ ఎర్రగా ఉంది. అంటే లింకు దొరికితే ఎవడైనా చూడొచ్చు. డెమో కోసం పచ్చబాబే బార్లా తెరిచిపెట్టాడు.

"అన్నా, మూసేద్దాం."

"మూస్తే డెమో పడుకుంటుంది తల్లీ. టిక్కు కొట్టా. చూడు, ఎంత పచ్చగా ఉందో!"

"పచ్చకామెర్లోడికి లోకమంతా పచ్చే అన్నా."

నవ్వాడు. నేను మాత్రం ఆ ఫోల్డర్ ఎవరెవరు తెరిచారో చూశాను. బయటి ఫోన్ ఒకటి గంట కిందటే మొదటి ఇంటి ఫైలు దించుకుని వెళ్ళింది. అందులో ఉన్న నంబర్‌కి డెస్క్ ఫోన్‌లోంచి చేశాను, స్పీకర్ ఆన్ చేసి. ఆ ఇల్లు చూసుకునే పెద్దక్క ఎత్తింది.

"అక్కా, గేటు తాళం వేసుందా?"

"వేసే ఉందమ్మా. ఎవరు నువ్వు? ఉండు, ఎవడో బాదుతున్నాడు..."

ఇనుము మీద ఇనుము. తర్వాత అద్దం పగిలింది.

"నా పెళ్ళాం ఏదే? ఎక్కడ దాచావే?"

"ఇక్కడెవరూ లేరురా, పో!"

రాడ్డు ఎముకకి తగిలితే ఎలా వినిపిస్తుందో నాకు అప్పటిదాకా తెలీదు. పెద్దక్క కేక సగంలో తెగింది. వాడు ఆపలేదు. ఒక్కో దెబ్బకీ ఒక్కో బూతు.

నా మొబైల్‌లో పోలీసులకి అడ్రస్ చెప్తుంటే స్క్రీన్ మీద ఇంకో ఫోన్ కనబడింది. రెండో ఇంటి ఫైలు దిగుతోంది. లింకు చేతులు మారిందన్నమాట. ఇంకో మొగుడు.

మూసెయ్యబోయాను. పచ్చబాబు నా మణికట్టు పట్టుకుని మెలేశాడు.

"క్లయింట్లు లిఫ్ట్‌లో ఉన్నారు. రెండు నిమిషాలాగు. అక్కడ జరిగేది ఎలాగూ జరిగిపోయింది."

ఎడమచేతికి బాటిల్ అందింది. మొదటి దెబ్బకి పెదవి చిట్లింది, అయినా వదల్లేదు. రెండో దెబ్బకి ముక్కు కరకరమంది. కీబోర్డ్ నిండా నెత్తురు. జారుతున్న వేళ్ళతోనే ఫోల్డర్ మూశాను. డౌన్‌లోడ్ సగంలో తెగిపోయింది.

అప్పుడే స్పీకర్‌లో మగగొంతు అరుపు. పంది గొంతు కోసినట్టు.

"అక్కా, లే అక్కా," ఇంకో ఆడగొంతు. వాడి పెళ్ళామే, కుట్టుపని చేసుకునే పిల్లని తర్వాత తెలిసింది. "వాడి తొడలో కత్తెర దించేశా. ఇంక లేవడు. నువ్వు లే అక్కా."

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు కదా. పెద్దక్కకి అది సామెత కాదు. వాడు జైల్లో కుంటుతున్నాడు. రెండో ఇంటికి ఎవడూ రాలేదు. ఆ సాయంత్రమే అందర్నీ వేరేచోటికి మార్చేశారు.

పచ్చబాబు తలుపు తగిలిందని చెప్పుకున్నాడు. లేకపోతే నేనెందుకు కొట్టానో కూడా చెప్పాలిగా!

నెలాఖరు రిపోర్టులో ఆ ఫోల్డర్ పచ్చగానే ఉంది, మినహాయింపు కదా. మొత్తం మీద ఉల్లంఘన ఒక్కటే: 'అనుమతి లేకుండా మార్పు', అంటే నేను ఫోల్డర్ మూసెయ్యడం. పక్కన నా పేరు. సంజాయిషీ అడిగారు. ఇదిగో, ఇదే ఇచ్చాను.

ఇప్పుడు మీ వంతు. మీ ఆఫీసులో ఏ ఎర్రగడికి పచ్చరంగు పూశారు? అప్పుడు మీ చేతికి ఏం అందింది? కింద రాయండి, చదువుతాను.