కర్పూరపు పెట్టె

పొద్దున పోసిన జావ మధ్యాహ్నమైనా చేమదుంప గొంతు కింది సంచిలోనే ఉంది. బీలాన్ వేలికొసతో తాకి చూసింది. ఈపాటికి ఖాళీ అయి ముడుచుకుపోవలసిన సంచి నీళ్ళ బుడగలా మెత్తగా ఉబ్బి ఉంది.

చేమదుంప ఇంకా పూర్తిగా ఈకలు రాని చిలకపిల్ల. ఒళ్ళంతా ముళ్ళలాంటి మొలకలు, మధ్యమధ్య పసుపు. చెంచా కనిపిస్తే చాలు, తల ఎగరేసి అరిచి ఇల్లంతా లేపేది. ఇవాళ చెంచా ముక్కుకి తగిలినా నోరు తెరవలేదు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది.

జావ చల్లారిపోయిందా? పలచనైందా? కొద్దిరోజులుగా ముసురు విడవడం లేదు, గోడలు కూడా చెమరుస్తున్నాయి. చలి పట్టి ఉంటుందనుకుంది బీలాన్. సీసాలో వేడినీళ్ళు పోసి, పెట్టెలో గుడ్డ కింద దోపి, సన్నటి సందు వదిలి మూత దించింది.

ఆ పెట్టె తాత చేసింది. సాన్యీ ఊళ్ళో దేవుళ్ళ బొమ్మలు చెక్కే ఇళ్ళలో వాళ్ళదీ ఒకటి. సముద్రదేవత మాజు అమ్మవారిని చెక్కగా మిగిలిన కర్పూరపు చెట్టు దుంగని తాతే కోసి, నునుపు చేసి, "అమ్మవారి మిగులు. పురుగూ పుట్రా దరికి రావు" అని మొన్న ఆమె చేతిలో పెట్టాడు. ఆ వీధిలో పసిపిల్లల బట్టలు దాచేదీ ఆ చెక్క పెట్టెల్లోనే. మంచి వాసన అంటే వాళ్ళకి అదే.

కాసేపటికి మూత తీస్తే గుప్పున వాసన కొట్టింది. చేమదుంప నోరు తెరుచుకుని, తల వాల్చేసి ఉంది. బీలాన్ మూత పక్కన పడేసి, పక్కఊరి పక్షుల డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

"వెచ్చగానే పెట్టానమ్మా. వేడినీళ్ళ సీసా కూడా పెట్టి మూత వేశాను."

"దేన్లో పెట్టావు?"

"చెక్కపెట్టెలో."

"ఏం చెక్క?"

"కర్పూరపు చెక్క."

"ముందు బయటికి తియ్. నీకు హాయిగా ఉండే వాసనే దాని ఊపిరితిత్తులకి విషం. వేడి పెట్టి ఆ వాసనని ఇంకా లేపావు. వెంటనే తీసుకురా."

బీలాన్ ఫోన్ పెట్టేసి, రొట్టెలు ఆవిరి పట్టే వెదురు బుట్టలో తువ్వాలు పరిచి పిల్లని పడుకోబెట్టింది. ఎక్కడ పెట్టాలి? కిందంతా కార్ఖానా, మెట్ల మీదంతా రంపపు పొట్టు. ఇల్లంతా అదే వాసన.

ఉలి పట్టుకునే పైకి వచ్చాడు తాత. "ఏం, మన దుంపగాడు జావ తాగాడా?"

అబద్ధం చెబుదామా అనుకుంది. నోరు రాలేదు. "పెట్టె పడలేదు తాతా. ఆ వాసనకి ఊపిరాడటం లేదట."

"ఎవరన్నారు? మా నాన్న నన్ను ఆ పొట్టు మీదే పడుకోబెట్టేవాడు. చచ్చానా?"

"నువ్వు చిలకవి కాదుగా తాతా! డాక్టరమ్మ వెంటనే తీసుకురమ్మంది."

ముసలాయన ముఖం నల్లబడింది. ఊగే తోకని చూశాడు. తన చేతులు వాసన చూసుకున్నాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు.

"నడు. బస్సు తప్పిపోతుంది."

దారిపొడవునా గొడుగు ఆయనే పట్టాడు, చెయ్యి బారుగా చాచి. గొడుగంతా ఆమె మీద, వానంతా ఆయన మీద.

"దగ్గరికి రా తాతా, తడుస్తున్నావు."

"నోరు మూసుకుని నడు. నా చొక్కా కంపు దానికెందుకు?"

బస్సులో చిట్టచివరి సీట్లో కూర్చున్నాడు. ఆస్పత్రి లోపలికి రాలేదు, చూరు కింద నిలబడ్డాడు. డాక్టరమ్మ పిల్లని ప్రాణవాయువు పెట్టే గాజు డబ్బాలో ఉంచింది. ముసురు మసకలో చాలాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత తోక ఊపు నెమ్మదించింది. ఆపైన సన్నగా, గీరినట్టు ఒక అరుపు. ఆకలి అరుపు.

"గట్టిపిల్లే, బతుకుతుంది" అంది డాక్టరమ్మ. "కానీ ఆ ఇంటికి తీసుకెళ్ళావంటే మళ్ళీ మొదటికొస్తుంది."

బీలాన్ బయటికి వచ్చింది. తాత నీళ్ళోడుతూ గోడకి అంటుకుని ఉన్నాడు.

"ఏమంది?"

"బతుకుతుందంది. అరిచింది తాతా, ఆకలేసి."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. మనవరాలి ముఖం చూసి, "మిగతాది కూడా చెప్పు" అన్నాడు.