ఆ మేస్త్రీయే రావాలి

మందుల గోడౌన్లో సరుకు తనిఖీ చేసే ఆయన్ని అక్కడివాళ్ళంతా భూతద్దం అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. ఎవరైనా సరుకు దించి "ఇదిగోండి సార్, ఈ పెట్టె చూసుకోండి" అని ముందుకు జరిపారంటే చాలు, ఆయన దానివంక కన్నెత్తి చూడడు. వెనక వరసలో, గోడవైపు, అడుగున ఉన్నది లాగించి విప్పిస్తాడు. అలా చాలామంది దొంగల్ని పట్టుకున్నాడు కాబట్టి, లోకంలో ఎవరు ఏది ముందుకు జరిపినా అందులో మోసం ఉందని ఆయనకొక సిద్ధాంతం ఏర్పడిపోయింది. గోడౌన్లో ఆ సిద్ధాంతం బాగానే పనిచేస్తుంది. ఇంటికి తెచ్చుకుంటేనే చిక్కు.

ఆయన తల్లి బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఇంకోసారి పడితే మాత్రం మళ్ళీ లేపడం మా వల్ల కాదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆ బాత్రూం చూస్తే నున్నటి టైల్సు, గడప దగ్గర జానెడు మెట్టు, పట్టుకుందామంటే కుళాయి తప్ప ఇంకేమీ లేదు. రోజూ కోడలే దగ్గరుండి స్నానం చేయిస్తోంది. పెద్దావిడ ఆ కాసేపూ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చుంటుంది. "నా ఒళ్ళు నేను కడుక్కునే రాత కూడా లేకుండా పోయిందిరా" అని ఒకరోజు కొడుకు ముందు ఏడ్చేసింది. ఆ బాత్రూం పగలగొట్టించి, ఆవిడ ఒక్కతే వెళ్ళి భయం లేకుండా స్నానం చేసి వచ్చేలా కట్టించి తీరాలని ఆయన ఆ క్షణానే నిశ్చయించుకున్నాడు.

"అల్లుడుగారు చేసేది ఈ పనులేగా, ఆయన్నే పిలువు" అంది తల్లి.

తంటా అంతా అక్కడే వచ్చింది. అక్క మొగుడికి ఇంట్లో కోతల బావ అని పేరు. ఫలానా డాక్టరుగారి బంగళా నేనే చేశాననీ, ఫలానావాళ్ళు నా చేతులు పట్టుకుని వదల్లేదనీ, తన కాంట్రాక్టులకు తనకే ఊపిరి ఆడట్లేదనీ చెబుతూ ఉంటాడు. ఆయన మాటలు కోటలు దాటుతాయి. సొంత వంటగదిలో అలమరకు తలుపులు బిగించడం మాత్రం ఇన్నేళ్ళూ కుదరలేదు. అలాంటి మనిషి చేతిలో అమ్మ ప్రాణం పెట్టడమా? అక్క ఫోన్ చేసి "బావ ఇప్పుడు ఖాళీనేరా, ఎప్పుడు మొదలెట్టమంటావు?" అని అడిగితే, "ఈ ఏడాదికి వద్దనుకున్నామక్కా, చేతిలో డబ్బు ఆడట్లేదు" అనేశాడు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళిన అక్క. ఆవిడ నమ్మేసింది. అది ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"పెరటి చెట్టు మీకు మందుకు పనికిరాదు" అంది భార్య.

"మందుల సంగతి నాకు చెప్పకు" అన్నాడు భూతద్దం.

ఇక బయటివాళ్ళ వేట మొదలైంది. మొదటివాడు ఫోన్లో తను చేసిన బాత్రూంల ఫోటోలు చూపించాడు. అందులో ఒకటి టైల్సు కొట్టు గోడమీద బొమ్మే. రెండోవాడు ఏం అడిగినా "అలాగే సార్" అన్నాడు. కుళాయి పైకప్పుకు పెట్టమన్నా అలాగేనంటాడేమోనని అడిగి చూశాడు. అన్నాడు. మూడోవాడు ఇస్త్రీ చెదరని తెల్లచొక్కా వేసుకొచ్చి, తక్కువ మాట్లాడి, తను పనిచేసిన రెండిళ్ళ అడ్రసులిచ్చి వెళ్ళి చూసుకోమన్నాడు. పద్ధతిగా ఉందని భార్య సంతోషించింది. అంత పద్ధతిగా ఉన్నాడంటేనే ఏదో ఉందని భర్తకు అనుమానం వచ్చింది.

ఆయన ఆ రెండిళ్ళకూ వెళ్ళలేదు. ముందుకు జరిపిన పెట్టెలు కదా. టైల్సు కొట్టువాణ్ణి మాటల్లో పెట్టి, తెల్లచొక్కా తన దగ్గర చెప్పకుండా దాచిన మూడో ఇల్లు పట్టుకున్నాడు. అది ఒక టీచరమ్మది. తెల్లచొక్కా పని ఎలా ఉందని అడగ్గానే ఆవిడ మొహం చిట్లించింది. చూశావా అని తనలో తనే అనుకున్నాడు భూతద్దం.

"ఆయనదేముందండీ, మొదటిరోజు మొహం చూపించి పోయాడు. పని చేసింది వేరే మేస్త్రీ. రండి, చూద్దురుగాని" అంది టీచరమ్మ.

ఆయన బాత్రూంలోకి వెళ్ళి చూశాడు. గడప దగ్గర మెట్టు లేదు. టైల్సు గరుగ్గా ఉన్నాయి. మోకాళ్ళమీద కూర్చుని మగ్గుతో నీళ్ళు పోసి చూశాడు. ఒక్క చుక్క కూడా వాకిలివైపు రాలేదు. గోడకున్న స్టీలు కడ్డీని పట్టుకుని తన బరువంతా వేసి వేలాడాడు. అది చలించలేదు.

"మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి, లేవమ్మా అన్నాడండీ. లేచేటప్పుడు ఆవిడ చెయ్యి గోడమీద ఎక్కడ ఆనిందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. ఒకసారి కాదు, ఆవిడ విసుక్కునేదాకా లేపాడు. అప్పుడు గానీ కడ్డీ బిగించలేదు. పనిచేసినన్నాళ్ళూ ఆవిణ్ణి నవ్విస్తూనే ఉన్నాడు."

"ఆయన పేరేంటండీ?"

"ఏమోనండీ, మేస్త్రీ అనే పిలిచేవాళ్ళం."

భూతద్దం నేరుగా తెల్లచొక్కా దగ్గరికి వెళ్ళాడు. "పని నీకే ఇస్తాను. కానీ టీచరమ్మ ఇంట్లో చేసిన ఆ మేస్త్రీయే రావాలి. ఇంకొకళ్ళు చెయ్యి పెడితే ఒప్పుకోను."

తెల్లచొక్కా కాస్త నీళ్ళు నమిలాడు. "ఆయన ఈమధ్యే నా దగ్గర చేరాడు సార్. ఒకప్పుడు సొంతంగా చేసుకున్న మనిషి, దెబ్బతిన్నాడు. అభిమానం ఎక్కువ. అడిగి చూస్తాను."

మంచి పనివాణ్ణి దాచుకోవాలని చూస్తున్నాడని భూతద్దం అనుకున్నాడు. మర్నాడు తెల్లచొక్కా ఫోన్ చేశాడు. "మీ అడ్రసు వినగానే రానన్నాడు సార్. ఏమనుకున్నాడో ఏమో, మళ్ళీ తనే ఫోన్ చేసి వస్తానన్నాడు."

అడ్రసు విని రాననడమేంటి? ఈ వీధిలో ఎవరికి భయపడుతున్నాడు? ఏ ఇంట్లో చేతివాటం చూపించి పోయాడో? ఆయనకు ఆ రోజంతా అన్నం సయించలేదు. బీరువా తాళాలు జేబులో వేసుకున్నాడు. దగ్గరుండి కనిపెట్టాలని సెలవు పెట్టాడు. పని మొదలయ్యే రోజు పొద్దున్నే మొహం గంటుపెట్టుకుని తలుపు తీశాడు.

గుమ్మంలో బావ నిలబడి ఉన్నాడు. భుజాన పనిముట్ల సంచీ, ఒంటిమీద సిమెంటు మరకల చొక్కా. చుట్టపుచూపుగా వచ్చినప్పుడు అలాంటి చొక్కా ఆయన ఒంటిమీద ఎప్పుడూ లేదు.

ఇద్దరూ ఏమీ అనకముందే హాల్లోంచి పెద్దావిడ చూసింది. "అల్లుడుగారా? రండి, రండి. మా వాడు మిమ్మల్నే పిలిచాడన్నమాట. నాతో ఒక్క ముక్క చెప్పలేదు చూశారా?"

బావ లోపలికొచ్చి, సంచీ దించి, ఎప్పటిలా పెద్దగా నవ్వాడు. "పిలవడమేంటత్తయ్యా, నేను తప్ప ఇంకెవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదని పట్టుబట్టాడు మీ అబ్బాయి. కావాలంటే అడగండి. ఏం బామ్మర్దీ, అంతేనా?"

"అవును" అన్నాడు భూతద్దం. ఆ మాటలో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఆయనకు మాత్రం తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బావ అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టాడు. మళ్ళీ మళ్ళీ లేపాడు. ఆవిడ చెయ్యి ఎత్తు చూసుకుని సుద్దముక్క తీసుకుని బాత్రూంలోకి వెళ్ళాడు. భూతద్దం వెనకే వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. నవ్వు ఆ గడప ఇవతలే ఆగిపోయింది. బావ గోడమీద గీత గీసుకుంటున్నాడు, వెనక్కి తిరగలేదు.

"బావా, నాకు తెలీదు. నువ్వని తెలిస్తే..."

అక్కడ ఆగిపోయాడు. నువ్వని తెలిస్తే పిలిచేవాణ్ణి కాదు. ఆ మాటకు ఇంకో ముగింపు లేదని ఆయనకు తెలుసు, బావకూ తెలుసు.

బావ సుద్దముక్క జేబులో వేసుకుని సుత్తి అందుకున్నాడు. "నీళ్ళ వాల్వు ఎక్కడుంది సార్?"

"పైన, ట్యాంకు దగ్గర. నేను కట్టేసి వస్తా, ఉండు" అని ఆయన బయటికొచ్చాడు. హాల్లోంచి తల్లి పిలిచింది.

"ఏంట్రా, అల్లుడుగారి మాటే వినపడటం లేదు?"

ఆయన వినపడనట్టే మెట్లెక్కాడు.