తొడుగులు తీసిన చేతులు

దర్శకుడు జెనోన్ వ్రుబెల్‌ని సైనిక పాలన మొదలైన ఆదివారమే పట్టుకుపోయారు. పదో రోజు ఉదయం వూచ్ ఊళ్ళోని సినిమా స్టూడియోలో నెగిటివ్ ఫిల్ము కోసి అతికించే గదికి ఒక అధికారి వచ్చాడు. వెనక తుపాకీతో సిపాయి.

"వ్రుబెల్ కొత్త సినిమాలో మిల్లు ఆడవాళ్ళు మగ్గాలు ఆపే ఘట్టం తీసెయ్యాలి. పదకొండు నిమిషాలు. ఇవాళే."

గదిలోని ఏడుగురు ఆడవాళ్ళలో పెద్దది బొగుమిలా. కత్తెర ఆమెది. ఉంటున్న ఇల్లు స్టూడియో ఇచ్చిందే. పండక్కి వండాలని నాలుగు గంటలు వరసలో నిలబడి తెచ్చిన బతికున్న చేప ఇంట్లో స్నానాల తొట్టిలో ఈదుతోంది.

ఆ సినిమా కాపీలన్నీ సోమవారమే పట్టుకెళ్ళారు. మిగిలింది ఈ నెగిటివ్ ఒక్కటే.

వ్రుబెల్ నేతగత్తె కొడుకు. ఇదే స్టూడియోలో దీపాల తీగలు మోసి దర్శకుడయ్యాడు. ఇరవై ఏళ్ళలో తీసినవి మూడు సినిమాలు. మొదటి రెండింటినీ జనం చూడకుండా అల్మరాలో పెట్టి తాళం వేశారు. అయినా సినిమా పూర్తయిన ప్రతిసారీ ఈ గదికి వచ్చేవాడు. వేలిముద్రలు పడతాయని ఇక్కడ చేతి తొడుగులు లేకుండా ఎవరూ నెగిటివ్ ముట్టుకోరు. "తొడుగులు తియ్యండమ్మా," అని ఒక్కొక్కరి చెయ్యీ ముద్దు పెట్టుకునేవాడు. "తెర మీద నా పేరు పడుతుంది. మీ వేలిముద్ర కూడా పడదు. ఇదేం న్యాయం?"

"అక్కా, కొయ్యకు," ఇర్మినా గొణిగింది.

"నీకేం, ఒంటిదానివి. నాకు ఇల్లుంది."

"నాకూ ఉంది. గోడల్లోంచి గాలి కొడుతుంది గానీ అదీ ఇల్లే."

"ఏంటా గుసగుసలు?" అన్నాడు అధికారి.

బొగుమిలా ఫిల్మును కింద దీపం వెలిగే గాజు బల్ల మీద పరిచింది. నెగిటివ్‌లో నల్లగా కనిపించే ముఖాల ఆడవాళ్ళు. ఒక మగ్గం ఆగుతోంది, తర్వాత దాని పక్కది. ఒక్కసారి కోస్తే, మళ్ళీ అతికించినా అతుకు దగ్గర కొన్ని ఫ్రేములు పోయినట్టే. తొడుగులు చెమటకి తడిసిపోయాయి. చేతులు తుడుచుకుందామని వాటిని తీసి బల్ల మీద పెట్టింది.

ఎదురుగా ఇర్మినా కూడా తీసి పెట్టింది. తర్వాత లుద్వికా. ఆ తర్వాత మిగతా నలుగురూ.

బొగుమిలా నిర్ఘాంతపోయింది. 'నేను చెమటకి తీశానే,' అనబోయింది. ఆరు జతల చేతులూ ఆమె వైపే చూస్తున్నట్టున్నాయి. తొడుగుల్ని బల్ల మీదే వదిలేసింది.

"వేసుకోండి," అన్నాడు అధికారి.

ఎవరూ కదల్లేదు.

"వేరే ఊరి నుంచి మనుషుల్ని తెప్పిస్తా."

"వాళ్ళకీ తొడుగులు తీసే చేతులున్నాయి సార్," అంది లుద్వికా.

"ముందు తీసిందెవరు?"

చెమటకి తీశానన్న ఒక్క మాటతో తప్పించుకోవచ్చు. అది అబద్ధం కూడా కాదు.

"నేనే," అంది బొగుమిలా. ఆ గొంతు తనది కాదనిపించింది.

సిపాయి ఆమె జబ్బ పట్టుకున్నాడు. ఆమె గుమ్మంలో ఆగింది. "ఇర్మినా, తొట్టిలో చేపుంది. మా ఆయనకి దాన్ని చంపే ధైర్యం లేదు. నువ్వెళ్ళి చూడు."

"చూస్తాలే అక్కా. కోటు వేసుకో, బయట మంచు."

సిపాయి ఆమెని నడవలోకి నడిపించాడు. వెనక ఆరుగురూ ఉత్త చేతులతో గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డారు. అటూ ఇటూ గదుల్లో ఎడిటింగ్ యంత్రాలు గరగరమంటున్నాయి. తలుపు సందుల్లోంచి ఎవరెవరో చూస్తున్నారు.

మొదటి గదిలో యంత్రం ఆగింది.

తర్వాత దాని పక్క గదిలోది.

"ఎవర్రా ఆపింది?" అని అరిచాడు అధికారి. మూడోది కూడా ఆగింది.