గొడుగు పిల్ల కరిగిపోయిన వేళ

ఇస్త్రీ దుకాణంలో అక్కది చేయి తిరిగిన పని. చొక్కా కాలరు మీద ముడత కనిపించిందంటే ఆ చొక్కా మీద ఆమె చేయి పడలేదన్నమాటే. అలాంటి మనిషి ఫోన్‌లో ఆడే ఆటలో ఒక్క మీట నొక్కి కొంప ముంచింది.

ఆ ఆట ఉచితమే. పెద్ద పెద్ద కళ్ళ బొమ్మ వీరుల్ని ఒక్కొక్కరినే పోగుచేసుకుని, గళ్ళలో నిలబెట్టి యుద్ధం చేయించాలి. అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకటే ఖాతా. ఫ్రిజ్‌లు బాగుచేసే తమ్ముడు పొద్దున ఆడితే, ఆమె మధ్యాహ్నం తీరిక దొరికినప్పుడు ఆడేది. మొట్టమొదట వాళ్ళకు దొరికింది గొడుగు పిల్ల. పక్కవాడికి దెబ్బ తగలకుండా గొడుగు పట్టడం తప్ప ఆ పిల్లకు ఇంకేమీ చేతకాదు. అయినా తమ్ముడికి అదంటే పంచప్రాణాలు. ఓపిగ్గా పెంచి పెంచి చివరి మెట్టుకు తెచ్చాడు.

ఒక మధ్యాహ్నం పిల్ల బొమ్మ కింద 'కలుపు' అని కనిపించింది. జట్టులో కలపడమే కాబోలనుకుని, ఈటె వీరుడి పక్కన తోడుగా ఉంటుందని నొక్కింది అక్క. పిల్ల వెలుగై కరిగి ఆ వీరుడిలో కలిసిపోయింది. వాడి బలం కాస్త పెరిగింది. పిల్ల మాత్రం లేదు.

తమ్ముడు అరవలేదు. అరిచినా బాగుండేది.

"పోనీలెండి, మీరు తెలియక చేశారు," అన్నాడు.

మాటలొచ్చిన నాటినుంచి 'ఏమే అక్కా' అన్నవాడు! ఇక ఇంట్లో అన్నీ అండీలే. భోంచేశారా, తలుపు వేసుకోండి. ఆ మర్యాద భరించడం ఆమె వల్ల కాలేదు.

"ఒరేయ్, తిట్టెయ్యరా, కడుపులో పెట్టుకోకు."

"మిమ్మల్ని తిట్టడానికేముందండీ?"

పిల్ల మళ్ళీ రావాలంటే ఆటలో గెలుచుకున్న రత్నాలిచ్చి, ఎవరొస్తారో తెలియని చీటీలు తీయాలి. వచ్చే వారం రాబోయే కత్తుల రాణి కోసం తమ్ముడు దాచిన రత్నాలున్నాయి. అక్క దుకాణంలో పీట వాల్చుకుని తీయడం మొదలుపెట్టింది. వెతకబోయిన తీగ ప్రతిసారీ కాలికి తగలదు. జనం కలవరించే రెక్కల వీరుడొచ్చాడు, మంచు మంత్రగత్తె వచ్చింది. "మీరెవరికి కావాలి తల్లీ," అని పక్కకు నెట్టింది. రత్నాలన్నీ ఊడ్చిపెట్టాక ఆఖరి చీటీలో వచ్చింది పిల్ల, మొదటి మెట్టు మీద, పసిదిగా.

సాయంత్రం తమ్ముడు వంటింటి గుమ్మంలో నిలబడి ఆట తెరిచాడు. ముఖం పాలిపోయింది.

"రత్నాలేవి?"

"పిల్లను తెచ్చాను."

"రాణి కోసం దాచినవన్నీ ఈ బోడి గొడుక్కి తగలేశావా? మతి ఉందా నీకు? నిన్నసలు ముట్టుకోమన్నదెవరే?"

అక్కకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నాళ్ళకు తమ్ముడు ఇంటికొచ్చినట్టనిపించింది.

"ఇంకా తిట్టరా," అంది.

తిట్టాడు. బుర్రలేదన్నాడు, నీలాంటిది ఎక్కడా ఉండదన్నాడు, పక్కనే చతికిలబడి మరీ తిట్టాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ కడుపునిండా వింది.