సేప స

ఢిల్లీలో దర్బారు జరిగిన ఏడాది, దసరా ముందు, రామూర్తి మేష్టారికి మద్రాసు నుంచి రైలు పార్శిల్లో ఒక బొమ్మల పుస్తకం వచ్చింది. పేజీకో అక్షరం, అక్షరం కింద రంగుల బొమ్మ. కాశీబుగ్గలో అలాంటిది అంతకుముందు ఎవరూ చూసి ఎరగరు. మేష్టారు దాన్ని నాలుగు రోజులు పెట్టెలో దాచి, రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకుని, చివరికి అయిదేళ్ళ కూతురు దమయంతి చేతిలో పెట్టాడు. "నలపకూడదు. ఉమ్మి తడి అంటించకూడదు" అని రెండు ఆజ్ఞలు కూడా జారీ చేశాడు.

రామూర్తి ఉద్దానం మనిషి. కొబ్బరితోటల మధ్య రైతు ఇంట పుట్టి, బరంపురంలో మేష్టరు ట్రెయినింగు చదివాడు. ఆ చదువులో అతను అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నది లెక్కలూ కావు, ఇంగ్లీషూ కాదు. 'చ' అనడం. మొదటిరోజు క్లాసులో లేచి "సెప్తానండి" అన్నందుకు నలభైమంది ఒక్కసారి నవ్వారు. ఆ తర్వాత సెలవులకి ఇంటికి వచ్చినప్పుడల్లా తోటలోకి పోయి, ఒక్కడూ "చెట్టు, చేను, చెయ్యి" అనుకుంటూ నాలుకని లొంగదీశాడు. ఇప్పుడు అతను మాట్లాడితే కొత్తవాళ్ళు "మీది రాజమండ్రా అండీ?" అంటారు. అలా అన్నప్పుడల్లా మేష్టారికి లోపల చక్కిలిగింతలు పెట్టినట్టుంటుంది. కూతురు తనని "అయ్య" అనకూడదు, "నాన్నగారూ" అనాలి.

భార్య గౌరీశ్వరి పురిటికని పుట్టింటికి వెళ్ళింది. ఇల్లూ పిల్లా చూసుకోవడానికి ఊరినుంచి రామూర్తి తల్లి దాలమ్మ వచ్చింది. దాలమ్మకి అక్షరం ముక్క రాదు. రాకపోతేనేం, బొమ్మ చూడ్డానికి అక్షరాలెందుకు? మధ్యాహ్నం పని తెమిలాక అరుగుమీద కాళ్ళు బారజాపుకుని, మనవరాలిని ఒళ్ళో వేసుకుని పుస్తకం విప్పేది. మొగుడు పోయాక ఆవిడ అంత నోరారా మాట్లాడింది ఆ పుస్తకం దగ్గరే.

"ఇదేటి నాయనమ్మా?"

"ఇల్లే. సూడు, నడికప్పు మీద కుండ నిలబెట్టినారు. కాకులకి నీళ్ళెట్టడానికి గావాల."

ఆ బొమ్మ వేసినవాడు దొరల ఇంటి పొగగొట్టం వేశాడు. కాకులకి నీళ్ళు పెట్టే ఇల్లే బాగుందని దమయంతి దాన్నే నమ్మింది.

"మరిదేటి?"

"సేప. మన బారువ సముద్రంలో ఇలగ ఎర్రగా ఉండదే గుంటా. వలలో పడకముందే ఉడికిపోనాది, పాపం."

పిల్ల పకపకా నవ్వేది. ఆ చేప ఎక్కడికి పోతోందో, ఎవరి వలని ఎలా కొరికి తప్పించుకుందో, దాలమ్మ రోజుకో రకంగా చెప్పేది.

దమయంతి చురుకైన పిల్ల. బొమ్మ పేరు ఏ చప్పుడుతో మొదలవుతుందో పైనున్న అక్షరం అదేనని తనంతట తనే పట్టేసింది. కాకి మీద ఉన్నది క. పడవ మీద ఉన్నది ప. అలాగే చేప మీద ఉన్నది స. తీరా పుస్తకం చివరికి వెళితే సింహం మీద ఇంకో స! ఒకే చప్పుడుకి రెండు అక్షరాలెందుకో ఆ పిల్ల ఎవరినీ అడగలేదు. మొదటిది 'సేప స', రెండోది 'సింవం స' అని తీర్పు చెప్పేసుకుంది. ఏ పేజీలో ఎక్కడ చూపించినా ఒకదాన్ని చూసి రెండోది అనలేదు. అంత తెలివి ట్రెయినింగు స్కూల్లో ఎవరికీ ఉండి ఉండదు. కాని తండ్రికి ఆ సంగతి తెలియనే తెలియదు. అతని పాఠాలన్నీ ఊరి పిల్లలకే.

పుష్యమాసంలో ఇన్‌స్పెక్టరు గణపతిరావు క్యాంపు వచ్చాడు. బొమ్మలతో చదువు చెప్పడం కొత్త పద్ధతి, దానిమీద ఆయనకి మహా మోజు. మేష్టారి దగ్గర పుస్తకం ఉందని విని పొంగిపోయాడు.

"ఆదివారం పెద్దమనుషుల్ని పిలిపిస్తాను. మీ అమ్మాయి చేత వాళ్ళ ముందు చదివించండి. టెక్కలి బడికి హెడ్మాస్టరు కావాలి. మీ పేరే అనుకుంటున్నాను" అన్నాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేష్టారు ఒక్క పూట కూతుర్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది. అంత తీరిక ఎక్కడిది? "అన్ని అక్షరాలూ వచ్చా?" అని మాత్రం అడిగాడు. "వచ్చు నాన్నగారూ" అంది పిల్ల. అబద్ధమేమీ ఆడలేదు.

ఆదివారం బడి నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి భూములున్న బుగతలు జరీ అంచుల కండువాలతో వచ్చి బెంచీల మీద కూర్చున్నారు. దాలమ్మ ఉతికిన చీర కట్టుకుని, మనవరాలికి తలంటి జడ వేసి, చంకనెత్తుకుని తీసుకొచ్చింది. లోపలికి రావడానికి మొహమాటపడి గుమ్మం దగ్గరే చతికిలబడింది.

దమయంతి క చదివింది, గ చదివింది. బుగతలు తలలూపారు. ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పాడు.

"ఇదేమిటమ్మా?"

"సేప స."

"ఏమన్నావు?"

"సేప స అండి. సింవం స ఇంకోటుంది. తియ్యనా?"

గణపతిరావు విరగబడి నవ్వాడు. తర్వాత చెయ్యి తిప్పుతూ, ఈ సీమ మాటల ఊపంతా గొంతులోకి తెచ్చుకుని, "ఏటేటీ? మళ్ళీ ఓపాలి సెప్పు సెప్పు!" అన్నాడు. దాంతో గది గదంతా గొల్లుమంది. ఇంట్లో సేపల పులుసని లొట్టలేసే బుగతలు కూడా, తాము నవ్వకపోతే తమని చూసి ఎవరైనా నవ్వుతారేమోనని అందరికంటే గట్టిగా నవ్వారు. బాగా చదివినందుకే నవ్వుతున్నారనుకుని దమయంతి కూడా నవ్వింది.

"ఎవరు నేర్పారు పాపా?"

"మా నాయనమ్మ" అని పిల్ల గుమ్మం వైపు చూపించింది.

రామూర్తికి తల కొట్టేసినట్టయింది. బరంపురం క్లాసు మళ్ళీ కళ్ళముందుకి వచ్చింది. చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మా అమ్మండి. మొరటు మనిషి, నోరు తిరగదు. ఇకమీదట ఆవిడ మాట పిల్ల చెవిన పడకుండా చూసుకుంటానండి."

'చెవిన' అన్నప్పుడు చ ఎంతో చక్కగా పలికింది. ఆ మాట అయ్యాక గాని అతను గుమ్మం వైపు చూడలేదు. దాలమ్మ కొడుకుని చూడడం లేదు. చెంగు కొస నోటికి అడ్డం పెట్టుకుని నేలకేసి చూస్తోంది. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేమంటారు. రామూర్తి నోరు జారనూ లేదు. ఏళ్ళ తరబడి సానబెట్టిన నోరు, అనదలుచుకున్నదే అంది.

మనిషి వినయవంతుడని ఇన్‌స్పెక్టరుకి గురి కుదిరింది. వారం తిరక్కుండా టెక్కలి హెడ్మాస్టరుగా ఆర్డరు వచ్చింది. ఆ సంగతి తల్లికి చెబితే "మంచిది నాయినా" అని అన్నం వడ్డించింది. తిట్టినా బాగుండేది. ముక్కు చీదినా బాగుండేది. రామూర్తి సగం అన్నం వదిలేసి లేచాడు. కన్నతల్లిని నలుగురిలో అమ్ముకుని తెచ్చుకున్న ఉద్యోగం ఇది అనుకున్నాడు. ఎవరూ అనకపోయినా ఆ మాట రాత్రింబవళ్ళు అతని చెవిలో మోగుతూనే ఉంది.

టెక్కలికి మారకముందే ఓరోజు ఇక ఉండబట్టలేక మధ్యాహ్నం బడి ముందుగా వదిలేసి ఇంటికి వచ్చాడు. అరుగుమీద ఇద్దరూ ఉన్నారు. ఒళ్ళో పుస్తకం ఉంది. దాలమ్మ పేజీలు తిప్పుతోంది, బొమ్మమీద వేలు పెడుతోంది. నోరు మాత్రం విప్పడం లేదు. "ఇదేటి?" అని పిల్ల అడిగినప్పుడల్లా తల అడ్డంగా ఊపుతోంది.

"నాయనమ్మ చెప్పడం లేదా?" అని అడిగాడు.

"నాయనమ్మకి నోరు తిరగదు కదా నాన్నగారూ" అంది దమయంతి. ఎత్తిపొడుపు కాదు, తండ్రి చెప్పిన పాఠం అప్పజెప్పింది. "నాయనమ్మ మాట నా సెవిలో పడకూడదట. అందుకే బొమ్మలు ఉత్తినే సూత్తన్నాం."

రామూర్తి అరుగు కింద, తల్లి కాళ్ళ దగ్గర, నేలమీద కూర్చున్నాడు. తప్పయిపోయిందని చెప్పాలి. కాని ఏ నోటితో చెప్పాలి? ఆ రోజు ఆవిడని చిన్నబుచ్చింది ఈ రాజమండ్రి నోరే కదా. దీనితో ఏం చెప్పినా అదీ ఉపన్యాసంలాగే ఉంటుంది. అమ్మ మాటల్లోనే అడుగుదాం, నేనూ నీ కొడుకునేనని అప్పుడైనా నమ్ముతుంది అనుకున్నాడు. ఏనుగు బొమ్మమీద వేలు పెట్టాడు.

"ఇదేటమ్మా? నువ్వు సెప్పు. నాను ఇంటాను."

మాటలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఊపే కుదరలేదు. పుట్టి పెరిగిన మాటే, వదిలేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నోట్లోంచి వస్తుంటే గణపతిరావు గొంతులాగా ఉంది. ఆ సాగదీత, ఆ 'సెప్పు' అచ్చంగా ఆయనవే. అది రామూర్తికే ముందు వినిపించింది.

దమయంతి చప్పట్లు కొట్టి, ఆ రోజు బడిలో నవ్వినట్టే నవ్వింది.

దాలమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆ ఆదివారం తర్వాత అలా చూడడం ఇదే మొదలు.

"నువ్వూ యెక్కిరిత్తన్నావేటి, నాయినా?" అంది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు ఉంది.

పుస్తకం మూసి అతని చేతిలో పెట్టి, మోకాళ్ళమీద చేతులాన్చి లేచి లోపలికి వెళ్ళింది. 'కాదమ్మా' అనబోయాడు రామూర్తి. ఆ ఒక్క మాట ఎలా పలికితే ఆవిడ నమ్ముతుందో తెలియక నోరు తెరుచుకుని అలాగే కూర్చుండిపోయాడు.

దమయంతి ఒళ్ళోకి ఎక్కి, అతని గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఇంకోసారి అనండి నాన్నగారూ," అంది. "నాయనమ్మలాగా."